టేపు రెండో పక్క

ముప్పై ఏండ్లుగా ఈ టేపు నా మెడలోనే ఉండాది.
ఒక పక్క అంగుళాలు.
ఇంకో పక్క ఏముండాదో తిప్పి చూడాల్సిన పని పడలేదు.
కొర్లగుంటలో ఎవురూ సెంటీమీటర్లలో జాకెట్టు కుట్టించుకోరు.

మొన్న బేస్తవారం, కరెంటు లేని పూట
మునిలక్ష్మి తల వంచి లోపలికొచ్చింది.
వంచకపోతే నా అంగడి వాకిలి దాని నొసటికి తగుల్తాది.
బస్టాండు పక్క బట్టలకొట్లో బిల్లులు కొట్టే పిల్ల.
వీధిలో దాన్ని నీలగిరి చెట్టు అంటారు,
చూసిపొయ్యే పెండ్లోళ్ళు కూడా
అదే మాట మర్యాదగా అంటారు.
"కమరక్కా, కొల్తలు తియ్యి."
"జాకెట్టుకా?"
"మిలానుకు."
అదేందో కొత్త మోడలు చేతులనుకున్నా.

బెంగుళూరులో ఎవురో దీని ఫోటో పంపిస్తే
ఆ దేశం నుంచి జవాబొచ్చిందంట.
సెల్లులో అది చదవతా ఉండాది,
నేను బాబినుకు దారం చుట్టుకుంటా విన్నా.
చెప్పులు లేకుండా ఎత్తు.
ఎద, నడుము, తుంట్లు.
మొకానికి పౌడరు కూడా లేకుండా నాలుగు ఫోటోలు,
వెనక తెల్లగోడ.
మన వీధిలో తెల్లగోడ యాడుండాది మే,
ప్రతి గోడ మీదా ఒక ఎలక్షనుండాది.

పాస్‌పోర్టు వచ్చేసింది.
విచారణకు పోలీసు ఇంటికొస్తే
వాళ్ళమ్మ టీలో చక్కెర బదులు ఉప్పేసింది,
పాపం, ఆయన తాగేసి పోయినాడు.

"ఒంటి మీద గుర్తులు" అని ఒక గడి.
పదో తరగతి సర్టిఫికెట్లో హెడ్‌మాస్టరు
కుడి చెంప మీద పుట్టుమచ్చ అని రాసినాడు,
అది మనిషిని గుర్తుపట్టేదానికి.
వీళ్ళడిగేది వద్దనేదానికా, ముద్దనేదానికా
ఆ గడిలో లేదు.
మోచేతి కింద వాళ్ళవ్వ పొడిపిచ్చిన పచ్చబొట్టు, మూడు చుక్కలు.
రాస్తే పోతాదో, దాస్తే పోతాదో.
"రాయి" అన్నా.
"గుడ్డలో చిరుగుంటే కత్తెర పెట్టకముందే చెప్పాల."

జుట్టు పొడుగు?
రెండు వేళ్ళు.
అమ్మకు ఆపరేషనైనప్పుడు కొండకిచ్చేసింది, నడుము దాటిన జడ.
"ఆ దేశానికి నాకంటే ముందే
నా జుట్టు పొయ్యింటాదక్కా, పాస్‌పోర్టు లేకుండానే.
ఏ రోడ్డు మీదో, ఎవురి నెత్తిన్నో ఎదురైతే
నన్ను గుర్తు పడతాదో లేదో."
ఇద్దరం నవ్వినాం.
నా చేతిలో దారం తెగింది.

అసలు కాగితం ఆఖర్న చదివింది.
టికెట్టు వాళ్ళే ఇస్తారు, అప్పుగా.
ఆరుమంది పడుకునే గదికి బాడిగ, అప్పుగా.
ఫోటోల పుస్తకం అచ్చేసిందానికి కూడా.
పని దొరికినాక కూలిలో పట్టుకుంటారు.
చిట్టీల గోవిందన్న మేలు కదమే, మొకం చూసి అడగతాడు.
"లెక్కేసినాలే అక్కా, బిల్లులు కొట్టేదాన్ని.
చుట్టంచూపు వీసా మీద వొచ్చెయ్యమన్నారు,
పనికని రాసిన వీసా ఇస్తేనే వొస్తానని పెట్టినా.
ఇంకా జవాబు లేదు."

తుంట్లు రెండు సెంటీమీటర్లు పెరిగితే
ఒప్పందం చెల్లదంట.
ఆడ నాకు కోపమొచ్చింది.
నేను ఏ గుడ్డ కుట్టినా లోపల ఒక అంగుళం మడిచి పెడతా.
పిల్లలు తింటారు, నిద్రపోతారు,
ఒక్కో ఏడు సంతోషంగా కూడా ఉంటారు.
ఒళ్ళన్నాక వొస్తాది, పోతాది,
కుట్టు విప్పితే సరిపోవాల.
ఆ కాగితంలో యాడా మడత లేదు.

టేపు తిప్పినా.
అంగుళాల పక్క అంకెలు అరిగిపొయ్యుండాయి,
ఈ పక్కవి కొన్ననాటి మాదిరే ఉండాయి.
మునిలక్ష్మి కడుపు లోపలికి బిగపట్టి నిలబడింది.
"వొదులు" అన్నా. "బాగా ఊపిరి తీసుకో మే."
తీసుకునింది.
అప్పుడు రాసినా.

వాళ్ళడిగిన నల్ల బనీను నేనే కుట్టినా,
ఒంటికి అతుక్కునేట్టే.
పక్కలు రెండూ లోపలికి ఒక్కో అంగుళం.
ఫోటోలో కనపడదు.
యాడ విప్పాల్నో మాత్రం
దానికి చూపిచ్చి పంపినా.